పాత వెడ్జా, కొత్త వెడ్జా?

2010 జనవరి 1న గోల్ఫ్‌లో గ్రూవ్‌ల (బంతిని కొట్టే క్లబ్ ముఖం మీది గీతల) రూల్ మారింది. 25 డిగ్రీలు, ఆపైన లాఫ్ట్ (ముఖం వెనక్కి వాలిన కోణం) ఉన్న క్లబ్బుల గీతల అంచులు మునుపటంత పదునుగా ఉండకూడదు. బంతిని దగ్గర దూరానికి ఎత్తుగా లేపే వెడ్జ్ కూడా ఇందులోకే వస్తుంది. ఈ రూల్‌కు ముందు చేసింది పాతది, రూల్ ప్రకారం చేసింది కొత్తది.

ఖర్చు: పాతదానికి పైసా అక్కర్లేదు. కొత్తది ఒక్కటి కొంటే పక్కదీ మార్చాలనిపిస్తుంది, అదో జబ్బు.

ఆట: రఫ్‌లోంచి (పొడవాటి గడ్డిలోంచి) కొట్టినా పాతదానితో బంతి గ్రీన్ (గుంత చుట్టూ ఉండే నున్నటి గడ్డి) మీద టక్కున ఆగుతుంది. కొత్తదానితో ఇంకాస్త దొర్లుతుంది. పొడి ఫెయిర్‌వే (గడ్డి పొట్టిగా కత్తిరించిన దారి) మీద తేడా పెద్దగా తెలీదు. అయితే పాత గీతలో గోరు పెట్టి లాగి చూడండి. గోరు తట్టుకోకుండా జారిపోతే ఆ పదును ఎప్పుడో పోయినట్టే.

రిస్క్: చాలా ప్రొఫెషనల్ టూర్లలో మొదటి రోజు నుంచే కొత్త రూల్. మామూలు ఆటగాళ్లకు మాత్రం కనీసం 2024 దాకా వెసులుబాటు ఇచ్చారు.

ఆదివారం స్నేహితులతో ఆడేవాళ్లు, గీతలు బాగుంటే పాతదే ఉంచుకోండి. పెద్ద పోటీలకు వెళ్లేవాళ్లు ముందే కొత్తది కొని చేయి అలవాటు చేసుకోండి.