2500 రూపాయల రెజ్యూమె, అందులో ఉన్నది మాత్రం నేను కాదు

అమీర్‌పేటలో ఒక రెజ్యూమె రైటింగ్ సర్వీస్ వాళ్ళ దగ్గర రాయించుకున్నా, పేరు చెప్పను. 2500 తీసుకుని రెండు రోజుల్లో ఇచ్చారు. నాది సాఫ్ట్‌వేర్, నాలుగేళ్ళుగా జావా ప్రోగ్రామింగ్, దాంతో పాటు స్ప్రింగ్ బూట్, డేటాబేస్‌కి ఒరాకిల్.

ముందు మంచి చెప్తా. నా పాత రెజ్యూమెలో ఫోటో, రెండు కాలమ్స్, జావాకి 90 శాతం అని ఒక నీలం గీత ఉండేవి, అవన్నీ పీకేసి నీట్‌గా సింగిల్ కాలమ్‌లో రెండు పేజీలు చేశారు. కరెక్టే, మిగతా 10 శాతం జావా ఏది రాదు బాబూ అని ఎవడైనా అడిగితే నా దగ్గర సమాధానం లేదు కదా.

అసలు గొడవ స్కిల్స్ దగ్గర. నేను రాసిచ్చినవి 9, తిరిగొచ్చినవి 31. కాఫ్కా, ఏడబ్ల్యూఎస్, మాంగోడీబీ, రియాక్ట్, కుబర్నెటిస్... కుబర్నెటిస్ అంటే సర్వర్ల మీద అప్లికేషన్లని నడిపించే టూల్, అందులో నేను చేసిందల్లా పాడ్ లాగ్స్, అంటే అక్కడ నడిచే ప్రోగ్రామ్ రాసుకునే రికార్డులు చూడటం, అది కూడా సర్వర్లు చూసుకునే డెవాప్స్ వాళ్ళిచ్చిన కమాండ్ నోట్‌ప్యాడ్‌లో దాచుకుని. నా పక్కన కూర్చున్న ఒక సీనియర్‌కి అయితే కుబర్నెటిస్ 15 ఏళ్ళు అని కొట్టారు, దాని 1.0 వెర్షన్ వచ్చిందే 2015 జూలైలో!

ఇదేంటి అని అడిగితే ఆ సర్వీస్ అతను "అన్నా, కీవర్డ్ లేకపోతే రిక్రూటర్ సెర్చ్‌లో నువ్వు కనపడవు, ఇంటర్వ్యూలో మేనేజ్ చేస్కోవాలి" అన్నాడు. అబద్ధం కాదు, వారానికి ఒక కాల్ వచ్చే నాకు రోజుకి మూడు మొదలయ్యాయి, నేనూ ఆశపడి ఊరుకున్నా, తప్పు నాది కూడా.

మొదటి ఇంటర్వ్యూలోనే కాఫ్కా మీద, అంటే ప్రోగ్రామ్‌ల మధ్య మెసేజ్‌లు చేరవేసే సిస్టమ్ మీద, "టాపిక్‌కి 3 పార్టిషన్లు, ఒకే గ్రూప్‌లో 5 కన్‌జ్యూమర్లు పెట్టాం, ఏమవుతుంది?" అని అడిగారు. ఫాస్ట్‌గా ప్రాసెస్ అవుతుందండీ అన్నా. పార్టిషన్ అంటే టాపిక్‌లోని మెసేజ్‌లలో ఒక భాగం, దాన్ని ఆ గ్రూప్‌లో ఒక్క కన్‌జ్యూమరే (మెసేజ్‌లు చదివే ప్రోగ్రామ్) చదువుతుంది, మిగతా రెండూ ఖాళీగా కూర్చుంటాయి అని ఆయనే చెప్పాడు, గొంతులో పచ్చి వెలక్కాయ పడ్డట్టయింది. ఆ తర్వాత నాకు బాగా వచ్చిన జావా అడిగినా ఆయన మొహంలో నమ్మకం లేదు, ఇరవై నిమిషాల్లో థాంక్యూ చెప్పేశాడు.

నాకు మండింది ఏంటంటే, 40 నిమిషాలు పట్టే నైట్ బ్యాచ్ క్వెరీని, అంటే రాత్రిపూట డేటాబేస్‌లో నడిచేదాన్ని, వెతుకులాట తేలిక చేసే ఇండెక్స్ మార్చి, లూప్‌లో మళ్ళీ మళ్ళీ నడిచే సెలెక్ట్‌ని ఒకే జాయిన్‌గా మార్చి 3 నిమిషాలకి తెచ్చింది నేనే, నాలుగేళ్ళలో గట్టిగా చెప్పుకోగలిగింది అదొక్కటే, దాన్ని వీళ్ళు "డేటాబేస్ ఆప్టిమైజేషన్" అని రెండు ముక్కల్లో తేల్చేశారు. ఆ కాఫ్కా గోలలో దాని గురించి అడిగే టైమే లేకపోయింది.

ఇంకొంచెం ఇస్తే రెండేళ్ళ ఎక్స్‌పీరియన్స్ కూడా కలుపుతాం అన్నారు, దండం పెట్టా. పీఎఫ్ సర్వీస్ హిస్టరీలో ఏ కంపెనీలో ఎప్పుడు చేరాం ఎప్పుడు మానేశాం అన్నీ ఉంటాయి, బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో అడిగేది అదే.

ఇప్పుడు నేనే కూర్చుని మార్చుకున్నా. రోజూ వాడేవి ఒక లైను, ప్రాజెక్ట్‌లో కొంచెం చేసినవి ఇంకో లైను, కాఫ్కా దగ్గర "ఉన్న ప్రొడ్యూసర్‌లో మెసేజ్ ఫార్మాట్ మార్చాను, సెటప్ చేయలేదు" అని రాశా (ప్రొడ్యూసర్ అంటే మెసేజ్‌లు పంపే ప్రోగ్రామ్). చేతికి అంటనివి తీసేశా. క్వెరీ సంగతి నంబర్లతో సహా పైకి తెచ్చా. కాల్స్ మళ్ళీ తగ్గాయి, అది నిజం. పోయిన వారం ఇంటర్వ్యూలో ఒకావిడ మాత్రం అరగంట ఆ ఇండెక్స్ గురించే తవ్వింది, ఏ కాలమ్ ముందు పెట్టారు, ఇన్‌సర్ట్‌లు స్లో అవ్వలేదా అని, అడుగుతుంటే చెప్పబుద్ధేసింది. రిజల్ట్ ఇంకా రాలేదు.

2 స్టార్లు, రెండూ ఫార్మాట్‌కే. వెళ్ళేవాళ్ళు వర్డ్ ఫైల్ ముందే అడిగి తీసుకోండి, నాకు పీడీఎఫ్ మాత్రమే ఇచ్చి, ఆ 22 స్కిల్స్ తీసేయడానికి ఇంకో 500 అడిగారు.