పిల్లలతో కెర్రీ తీరం: రింగ్ ఆఫ్ కెర్రీయా, డింగిలా?

ఐర్లండ్ నైరుతి మూలన, కెర్రీ కౌంటీలో, సముద్రం పక్కన కారు నడపడానికి పేరున్న దారులు రెండు. ఉన్నది ఒక్క రోజే, వెనక సీట్లో పిల్లలుంటే నా ఓటు డింగిల్‌కే.

రింగ్ ఆఫ్ కెర్రీ కిలార్నీలో మొదలై అక్కడికే తిరిగొచ్చే 179 కిలోమీటర్ల దారి. టూర్ బస్సులు అపసవ్య దిశలో వెళ్తాయి. మీరూ అటే వెళ్తే వాటి వెనక ఇరుక్కుంటారు, ఎదురెళ్తే ఇరుకు మలుపుల్లో అవే ఎదురొస్తాయి. పెందలాడే బయలుదేరడం మేలు. రెండు రోజులుంటే మాత్రం వాలెన్షియా ద్వీపం చూడాల్సిందే. 1858లో అట్లాంటిక్ అడుగున వేసిన తొలి టెలిగ్రాఫ్ కేబుల్ ఒక కొస అక్కడే ఉండేది.

డింగిల్ ఊరి నుంచి బయలుదేరి అక్కడికే తిరిగొచ్చే స్లే హెడ్ డ్రైవ్ సుమారు 47 కిలోమీటర్లే. ఆగాలనిపించిన చోటల్లా ఆగొచ్చు. ఒక మలుపులో కొండవాగు రోడ్డు మీదుగానే పారుతుంది. చక్రాల కింద నీళ్లు చిమ్ముతుంటే పిల్లలు అద్దాలకు అతుక్కుపోతారు. ఇంకాస్త ముందుకెళ్తే కూమినూల్ బీచ్, ఎదురుగా బ్లాస్కెట్ దీవులు. పెద్ద దీవిలో మిగిలిన కొద్దిమందినీ 1953లో ప్రభుత్వం ఒడ్డుకు తరలించింది. కూమినూల్ ఎంత అందంగా ఉన్నా ఈతకు దిగకండి, ప్రవాహాలు ప్రమాదకరం. పిల్లలు నీళ్లలో ఆడాలంటే కిలార్నీ నుంచి డింగిల్‌కు వచ్చే దారిలోని ఇంచ్ బీచ్ నయం.

ఎడమవైపు డ్రైవింగ్ మనకు అలవాటే. అమెరికా నుంచి వచ్చే మనవాళ్లకే మొదటి గంట టెన్షన్. వాళ్లు ఆటోమేటిక్ కారు ముందే బుక్ చేసుకోవాలి.