బెంగళూరులో సుషీ అంటే నా ఓటు హరిమాకే

అమెరికాలో ఉండే మా అన్నయ్య సుషీ, అదే అన్నం, చేపతో చేసే జపాన్ వంటకం, తినాలంటే లాస్ ఏంజెలెస్ లోనే తినాలి అంటాడు, నిజమే, అక్కడ లిటిల్ టోక్యో అనే జపాన్ వాళ్ళ పేటలో 1960ల్లోనే సుషీ బార్లు వచ్చాయి, తర్వాత అవకాడో పెట్టిన కాలిఫోర్నియా రోల్ తో అమెరికన్లకి అలవాటైపోయింది, ఇప్పుడు సూపర్ మార్కెట్లో కూడా దొరుకుతుంది. కానీ మనం ఉండేది బెంగళూరులో కదా, ఇక్కడైతే రెసిడెన్సీ రోడ్డులో దేవతా ప్లాజాలో ఉన్న హరిమా అనే జపనీస్ రెస్టారెంట్ కి వెళ్ళండి.

నాకు అన్నిటికన్నా నచ్చింది అన్నం అండి. అందరూ చేప గురించే మాట్లాడతారు గానీ సుషీకి ప్రాణం అన్నమే, వెనిగర్, పంచదార, ఉప్పు కలిపి గోరువెచ్చగా ఉండగానే చెయ్యాలి, ఫ్రిజ్ లో పెడితే గట్టిపడి రుచి పోతుంది. ఇక్కడ మెతుకు మెతుకూ తెలుస్తుంది, నోట్లో పెట్టగానే విడిపోతుంది, సాల్మన్ నిగిరి, అంటే చిన్న అన్నం ముద్ద మీద సాల్మన్ చేప ముక్క పెట్టేది, అయితే అసలు సూపర్.

సముద్రం లేని ఊళ్ళో పచ్చి చేపా అని మనవాళ్ళు భయపడతారు. అమెరికాలో కూడా పచ్చిగా పెట్టే చేపని చాలావరకు ముందే ఫ్రీజ్ చేస్తారు, మైనస్ 20 డిగ్రీల్లో 7 రోజులు ఉంచితే అందులో పురుగులు చచ్చిపోతాయి, అక్కడి ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ చెప్పేది అదే. కాబట్టి ఫ్రోజెన్ అంటే తక్కువరకం అనుకోకండి. శాకాహారులకి కీరా రోల్ ఉంది. చవకేం కాదు, అయినా వెళ్ళండి. తినేటప్పుడు సోయా సాస్ లో అన్నం ముంచకుండా చేప వైపు అద్దుకుని తినండి, అప్పుడే అసలు రుచి తెలుస్తుంది.