మంచు భారానికి ఏఎస్‌సీఈ హజార్డ్ టూల్: ఒక సమీక్ష

అమెరికాలో మంచు కురిసే ప్రాంతాల్లో పైకప్పు డిజైన్ చేసే ఇంజనీరు ముందుగా తేల్చుకోవలసింది ఆ స్థలంలో నేల మీద పేరుకునే మంచు బరువు. దాన్ని ఉచితంగా చూపే ఆన్‌లైన్ సేవ, అమెరికన్ సొసైటీ ఆఫ్ సివిల్ ఇంజనీర్స్ నిర్వహిస్తున్న ఏఎస్‌సీఈ హజార్డ్ టూల్. చిరునామా గాని అక్షాంశ రేఖాంశాలు గాని ఇచ్చి, ఏఎస్‌సీఈ 7 (భవనాలపై పడే భారాలను నిర్ణయించే ప్రమాణం)లో ఏ సంచిక కావాలో, భవనం ఏ రిస్క్ కేటగిరీలోకి (అది కూలితే ఎంత ముప్పో చెప్పే తరగతి) వస్తుందో ఎంచుకుంటే, చదరపు అడుగుకు ఇన్ని పౌండ్లని విలువ వస్తుంది.

ఈ సేవ నిజంగా అక్కరకు వచ్చింది 2022 నాటి 7-22 సంచికతోనే. దానికి ముందరి 7-16 సంచిక పటంలో పశ్చిమ పర్వత ప్రాంతాల్లో చాలా చోట్ల అంకెకు బదులు ‘సీఎస్’ అని మాత్రమే ఉండేది. అంటే ఆ స్థలానికి విడిగా అధ్యయనం జరగాలన్నమాట. కొండల్లో కొద్ది మైళ్లలోనే ఎత్తు, దానితో పాటు మంచు బరువు బాగా మారిపోతాయి కనుక, చిన్న పటంలో ఆ తేడాలు ఇమడవు. 7-22లో ఆ ఖాళీలను చాలావరకు పూరించిన కొత్త విలువలకు ఆధారమైన అధ్యయనం యూటా స్టేట్ యూనివర్సిటీ నేతృత్వంలో జరిగింది. చాలా వాతావరణ కేంద్రాలు మంచు లోతును కొలుస్తాయే గాని బరువును కొలవవు కనుక, లోతు నుంచి బరువును అంచనా కట్టడమే ఇందులో కష్టమైన భాగం. ఆ శ్రమను నేను మనసారా గౌరవిస్తాను.

అయితే వాడేవారు ఒక విషయం తప్పక గుర్తుంచుకోవాలి. 7-16 విలువ, ఏ ఏడాదైనా మించిపోయే అవకాశం 2 శాతం ఉన్న భారం. దాన్ని స్ట్రెంగ్త్ డిజైన్‌లో (భారాన్ని గుణకంతో పెంచి నిర్మాణ బలంతో పోల్చే పద్ధతి) 1.6తో గుణించేవారు. 7-22 విలువను నిర్మాణం విఫలం కాకుండా నిలిచే విశ్వసనీయత లక్ష్యంగా నిర్ణయించారు కనుక గుణకం 1.0 మాత్రమే. పాత అంకె 30 పౌండ్లయితే డిజైన్‌కు 48 అయ్యేది. కొత్త అంకె 48 అని కనబడితే భారం పెరిగినట్టు కాదు. దాన్నే మళ్లీ 1.6తో గుణిస్తే దాదాపు 77 అవుతుంది, ఉక్కు అనవసరంగా పెరుగుతుంది. రిస్క్ కేటగిరీకో పటం ఉంది కనుక, మంచు భారానికి పాత ఇంపార్టెన్స్ ఫ్యాక్టర్ (భవన ప్రాముఖ్యాన్ని బట్టి భారాన్ని మార్చే గుణకం) కూడా ఇప్పుడు లేదు.

పైకప్పు వాలు, గాలికి ఒకచోట కుప్పపడే మంచు వంటివి మనమే లెక్కించాలి. కుప్పల లెక్కకు కావలసిన చలికాలపు గాలి విలువను మాత్రం టూల్ ఇస్తుంది. స్థానిక భవన శాఖ వేరే విలువ నిర్ణయించి ఉంటే దాన్నే పాటించాలి. కొండవాలు స్థలాలకు చిరునామాతో సరిపెట్టుకోకుండా, భవనం నిలిచే చోటనే గుర్తు పెట్టి, టూల్ చూపిన ఎత్తును సర్వే ఎత్తుతో పోల్చి చూసుకోవాలని నా సలహా.