హెచ్‌ఓనా, ఎన్‌నా: ఇంట్లో రైలు నడపాలంటే ఏది మేలు?

బొమ్మ రైలు పట్టాలు పరవడానికి తెచ్చిన ఎనిమిదడుగుల ప్లైవుడ్ షీటు మా మేడమెట్ల మలుపులో ఇరుక్కుపోయిన రోజున నాకీ ప్రశ్న మొదలైంది. ఒక కొస వడ్రంగి, ఇంకో కొస నేను పట్టుకుని నిలబెట్టాం, పడుకోబెట్టాం, ఏటవాలుగా తిప్పి చూశాం. "ఇది యాడ తిరుగుతుంది సార్, కోసేద్దాం" అన్నాడాయన. చివరికి నాలుగడుగుల ముక్కలు రెండు చేసి పైకెక్కించాం. అతుకు దగ్గర పట్టా ఎప్పుడూ కొంచెం ఎత్తుపల్లంగానే ఉండేది. రైలు అక్కడికి రాగానే ఒకసారి తల ఊపి పోయేది. కొత్తగా లేఅవుట్ (పలక మీద పట్టాలు, స్టేషను అమర్చిన బొమ్మ రైలు లోకం) కట్టాలనుకునేవాళ్లు "ఏ స్కేలు కొనమంటావన్నా?" అని అడిగితే, ముందు మీ ఇంటి మెట్లు కొలిచి రండి అంటాను.

ఇంట్లో నడిపే బొమ్మ రైలుకు ముఖ్యంగా రెండు స్కేళ్లున్నాయి. స్కేలంటే అసలు రైలును ఎన్నో వంతుకు కుదించారన్న లెక్క. హెచ్‌ఓలో ప్రతిదీ అసలులో 87వ వంతు, పట్టాల మధ్య 16.5 మిల్లీమీటర్లు. ఎన్‌లో 160వ వంతు, పట్టాల మధ్య 9 మిల్లీమీటర్లు. ఆ తొమ్మిదికి ఇంగ్లీషు మాటలోని మొదటి అక్షరమే దాని పేరు. ఇవి కాక బ్రిటిష్ మోడళ్లలో ఓఓ ఉంది. అది 76వ వంతు, పట్టాలు మాత్రం హెచ్‌ఓవే. లండన్ నుంచి వచ్చే చుట్టం అక్కడి హార్న్‌బీ కంపెనీ సెట్టు తెస్తే అది ఓఓ అనుకోండి. హెచ్‌ఓ పట్టాల మీద నడుస్తుంది గానీ, పక్కపక్కన పెడితే పెట్టెలు అన్నదమ్ముల్లా ఉండవు, బాబాయీ అబ్బాయిలా ఉంటాయి.

రేణిగుంటలో ప్లాట్‌ఫాం మీద నిలబడి చూసినవాళ్లకు తెలుసు, రైలు అందమంతా దాని పొడవులోనే ఉంటుంది. ఇంజను వచ్చి పోతుంది, పెట్టెలు వస్తూనే ఉంటాయి. ఎల్‌హెచ్‌బీ పెట్టె (ఇప్పటి ఎక్స్‌ప్రెస్‌లకు వేసే కొత్త రకం) రెండు కొసల కప్లింగులతో కలిపి సుమారు 24 మీటర్లు. 22 పెట్టెలంటే 528 మీటర్లు. హెచ్‌ఓలో అది ఆరు మీటర్లు, అంటే ఇంజను కాక దాదాపు 20 అడుగులు. మా హాలు గోడ పదకొండడుగులు. ఎన్‌లో అదే రైలు 3.3 మీటర్లు, గోడకు ఈ చివరి నుంచి ఆ చివరికి సరిగ్గా సరిపోతుంది. ఇక కదలడానికే చోటుండదు! కాబట్టి ఎవరైనా పెట్టెలు తగ్గించుకోవాల్సిందే. అయితే ఎన్‌లో పది పెట్టెలు ఐదడుగుల్లో ఇముడుతాయి, చూడ్డానికి ఎక్స్‌ప్రెస్ లాగే ఉంటుంది. హెచ్‌ఓలో అదే ఐదడుగులకు వచ్చేవి ఐదు పెట్టెలు. ఐదు పెట్టెల సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌ని చూస్తే మిగతావి ఎక్కడో ఊడిపోయాయేమో అనిపిస్తుంది.

మలుపుల దగ్గర తేడా ఇంకా గట్టిగా తెలుస్తుంది. హెచ్‌ఓ సెట్లతో మామూలుగా వచ్చే మలుపు 18 అంగుళాల వ్యాసార్థం. పొట్టి గూడ్సు పెట్టెలకు అది చాలు. మన ప్యాసింజరు పెట్టె హెచ్‌ఓలో 27 సెంటీమీటర్లు. ఆ మలుపులో దాని నడుము లోపలికీ మూలలు బయటికీ పొడుచుకొస్తాయి, పక్క లైనులో ఇంకో రైలుంటే రాసుకుంటాయి. 24 అంగుళాలైనా లేకపోతే అది చూడముచ్చటగా ఉండదు. అంతటి మలుపుతో రైలు వెనక్కి తిరగాలంటే పలక వెడల్పు నాలుగడుగులు దాటుతుంది. ఆ పలకను గోడకు ఆనించి వేశారా, వెనక మూల చేతికందదు. రైలు పట్టాలు తప్పేది సరిగ్గా ఆ మూలలోనే. నేను స్టూలు మీద మోకాళ్లు వేసి, పొట్ట కింద స్టేషను నలగకుండా వంగి, దుడ్డు కర్ర కొసతో ఇంజనును లాక్కున్న రోజులున్నాయి.

ఎన్‌కు 11 అంగుళాల మలుపుతో పని జరిగిపోతుంది. రెండున్నర అడుగుల వెడల్పు ఫ్లష్ డోరు (నున్నటి చదును తలుపు) ఒకటి కొనుక్కుంటే అదే బేస్. తేలిక, త్వరగా వంకర పోదు, మెట్ల మలుపులో తిరుగుతుంది. అద్దె ఇంట్లో ఉన్నవాళ్లయితే పని లేనప్పుడు బీరువా వెనక నిలబెట్టేయొచ్చు, కొండలూ చెట్లూ మరీ ఎత్తు కట్టకపోతే.

ఇంతవరకు చదివితే హెచ్‌ఓ ఎందుకు అనిపిస్తుంది. నేనూ అలాగే అనుకున్నాను, గుండ్లు వేసేదాకా.

మన స్టేషనులో గుండ్లు, అంటే గుండు చేయించుకున్న భక్తులు, లేకపోతే అది తిరుపతి ఎలా అవుతుంది? విదేశీ బొమ్మల ప్యాకెట్లో మనుషులు కోట్లు, టోపీలు వేసుకుని వస్తారు. టోపీని బ్లేడుతో గీకి, తలకు చర్మం రంగు వేసి, పైన గంధం రంగు పట్టిస్తే కొండ దిగివచ్చిన మనిషి తయారు. హెచ్‌ఓలో మనిషి ఎత్తు 19 మిల్లీమీటర్లు, తల రెండున్నర మిల్లీమీటర్లు ఉంటుంది. పళ్లు కుట్టుకునే పుల్ల కొసతో పూస్తే గంధం గుండు మీదే ఆగుతుంది, చెవులు వేరుగా కనిపిస్తాయి. కోటును కిందికల్లా తెల్లగా దిద్దితే పంచె. భుజాన ఒక సంచీ, చేతిలో లడ్డూ కవరు అతికించి బెంచీ మీద కూర్చోబెట్టాను. చూసినవాళ్లు రైలుని వదిలేసి వాళ్లనే చూస్తారు. ఎన్‌లో అదే మనిషి సెంటీమీటరు ఉంటాడు. తల ఒకటిన్నర మిల్లీమీటరు కూడా ఉండదు. గంధం చుక్క పెడితే తలంతా గంధమే. రెండడుగుల దూరం నుంచి జనంలా కనిపిస్తారు, దగ్గరికొస్తే ఆవగింజలు. రైలు పోతుంటే చూడాలా, మనుషుల్ని చూడాలా అన్నదే అసలు తేడా అని నాకు అప్పుడర్థమైంది.

పట్టాల విషయంలో రెండూ మనకు కొంచెం అబద్ధమే చెబుతాయి. ఇవి 1435 మిల్లీమీటర్ల విదేశీ గేజికి (పట్టాల మధ్య దూరానికి) లెక్కగట్టినవి. మన బ్రాడ్‌గేజి 1676. హెచ్‌ఓలో అది 19 మిల్లీమీటర్లు దాటాలి, ఉన్నది 16.5. ఎదురుగా నిలబడి చూస్తే ఇంజను కాళ్లు దగ్గరగా పెట్టుకుని నిలబడ్డట్టుంటుంది. ఎన్‌లో లోటు ఒకటిన్నర మిల్లీమీటరే కాబట్టి కంటికి ఆనదు. పాకాల వైపు మీటర్‌గేజి రైళ్లెక్కి తిరిగిన మనసులకు ఇంకో మాట: హెచ్‌ఓ సైజు పెట్టెల కింద 12 మిల్లీమీటర్ల పట్టా వేస్తే అది మీటర్‌గేజికి చాలా దగ్గరగా వస్తుంది. పెట్టెలు మాత్రం చేత్తో చేసుకోవాల్సిందే.

మన ఇంజన్ల మోడళ్లు దొరికేది కూడా ఎక్కువగా హెచ్‌ఓలోనే. ఎన్‌లో చాలామంది కాటో లాంటి జపాన్ కంపెనీల ఛాసిస్ (మోటారూ చక్రాలూ ఉన్న కింది భాగం) తీసుకుని, త్రీడీ ప్రింటు చేయించిన మన ఇంజను తొడుగు పైన వేస్తారు.

ఎన్‌కు అసలు శత్రువు దుమ్ము. ఇంజను తేలిక, చక్రాలు చిన్నవి. పట్టా మీద సన్నటి మురికి పొర ఉన్నా కరెంటు అందక ఆగిపోతుంది, వేలితో తోస్తే గానీ కదలదు. వేసవిలో కిటికీలు తెరిచి పెట్టుకునే ఇంట్లో ప్రతిసారీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో తుడిచాకే రైలు నడపాలి. హెచ్‌ఓ ఇంజను బరువుగా ఉంటుంది కాబట్టి కొంత తట్టుకుంటుంది. పిల్లలున్న ఇంట్లో హెచ్‌ఓ మేలనడానికి ఇదొక కారణం. ఎన్ పెట్టెను పట్టాల మీద కూర్చోబెట్టడం నలభై దాటిన కళ్లకే కష్టం, ఆరేళ్ల పిల్లవాడి చేతికి ఇంకా కష్టం. ఏది కొన్నా నికెల్ సిల్వర్ పట్టాలే కొనండి. స్టీలు పట్టాలకు నవంబరు వానల్లో తుప్పు పడుతుంది. అతుకుల దగ్గర పోస్టుకార్డు మందం సందు వదలడం మరచిపోవద్దు, మే నెల ఎండకు పట్టా ఉబ్బి పైకి లేస్తుంది.

కొండల దగ్గర రెండు స్కేళ్లూ ఓడిపోతాయి. తిరుపతి నుంచి తిరుమలకు నిట్టనిలువుగా దాదాపు 700 మీటర్లు. హెచ్‌ఓలో ఎనిమిది మీటర్ల కొండ కట్టాలి, ఎన్‌లో నాలుగుకు పైనే. అందుకని కింది వాలు మాత్రం కట్టి, పైన నిలువుగా కోసినట్టుండే ఆ ఎర్రటి రాతి అంచును వెనక గోడ మీద బొమ్మగా గీసుకోవాలి. నేను థర్మాకోల్ పొరలు పేర్చి, అరిగిన కత్తితో చెక్కి, కాగితమూ పీఓపీ (ప్లాస్టర్ ఆఫ్ పారిస్) పట్టించేలోపే తొందరపడి డబ్బా స్ప్రే పెయింటు కొట్టాను. నా కళ్లముందే కొండ బుసబుసమంటూ లోపలికి కుంగిపోయింది. స్ప్రేలోని సాల్వెంట్ థర్మాకోల్‌ని కరిగించేస్తుంది. నీళ్లలో కలిసే రంగులే వాడాలి, అంటించడానికి ఫెవికాల్. గడ్డికి రంగు వేసిన రంపపు పొట్టు చాలు. ఎన్‌కైతే దాన్ని పలచటి గుడ్డలో జల్లించాలి, లేకపోతే ఒక్కో గడ్డిపరక చెట్టంత కనిపిస్తుంది.

నా మట్టుకు నేను నడపడానికి ఎన్ ఉంచుకున్నాను. ఫ్లష్ డోరు మీద రెండు లైన్ల లూపు, పది పెట్టెల రైలు, వెనక కొండ బొమ్మ. మీకు ఒక గదికి గది ఖాళీగా ఉంటే, రైలు కన్నా ఇంజను మీద ప్రేమ ఎక్కువైతే, హెచ్‌ఓకు వెళ్లండి, పశ్చాత్తాపపడరు. గదీ లేదు, ఇంజను ప్రేమే ఉంది అంటారా? నడిచే రైలు మాట పక్కన పెట్టండి. రెండడుగుల పలక మీద హెచ్‌ఓలో ఒక్క ప్లాట్‌ఫాం, ఒక్క ఇంజను, ఒక్క పెట్టె కట్టండి. కరెంటు టెన్షన్ లేదు, మలుపుల లెక్క లేదు.

నా గుండ్ల జనమంతా ఇప్పుడు అలాంటి పలక మీదే ఉన్నారు, చంద్రగిరి స్టేషను లాంటి దాంట్లో. పోయిన దసరాకు అమ్మ దాన్ని బొమ్మల కొలువు కింది మెట్టు ముందు పెట్టమంది. పక్కన ట్రేలో మట్టి పోసి రాగులు చల్లి, పొలమంది. తొమ్మిదో రోజుకు మొలకలు ఇంజను కన్నా ఎత్తు పెరిగాయి. ఈసారి నాలుగు రోజులు ఆలస్యంగా చల్లుతాం.