మదర్‌బోర్డుకి హెచ్‌డీఎంఐ (మానిటర్ కేబుల్ పెట్టే) పోర్టు ఉంది కదా అని మోసపోకండి, ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ ఉందేమో చూడండి

డెస్క్‌టాప్ అసెంబుల్ చేయించుకునేవాళ్లు డబ్బు కట్టే ముందు ఇది ఒకసారి చదవండి.

పోయిన నెల మా చెల్లి బీటెక్ కోసం సికింద్రాబాద్‌లో ఓ షాపులో పార్ట్స్ తీసుకున్నాను. ఇంటెల్ ఐ5 పన్నెండో జనరేషన్ ప్రాసెసర్, హెచ్610 మదర్‌బోర్డు, 16 జీబీ ర్యామ్. గేములు ఆడేది లేదు, మానిటర్‌కి బొమ్మ తయారుచేసే గ్రాఫిక్స్ కార్డు విడిగా వద్దన్నాను. "గ్రాఫిక్స్ బోర్డులోనే ఉంటుంది సార్, ఇదిగో" అని షాపతను వెనక హెచ్‌డీఎంఐ పోర్టు చూపించాడు. బిగించినందుకు వేరే డబ్బులెందుకని ఇంటికి తెచ్చి నేనే బిగించాను. నా పిసినారితనం అక్కడే కొంప ముంచింది. షాపులోనే ఆన్ చేయించి ఉంటే విషయం అప్పుడే తేలిపోయేది.

ఫ్యాన్లు తిరుగుతున్నాయి, మానిటర్ మీద మాత్రం నో సిగ్నల్. కేబుల్ మార్చాను. ర్యామ్ తీసి, కాళ్లను రబ్బరుతో రుద్ది మళ్లీ పెట్టాను. రాత్రి రెండింటికి చూస్తే బోర్డు అంచున వీజీఏ అని రాసి ఉన్న చిన్న లైటు ఆరకుండా వెలుగుతోంది, అంటే గ్రాఫిక్స్ దగ్గరే తేడా. అప్పుడు బిల్లు తీశాను. ప్రాసెసర్ 12400ఎఫ్!

బోర్డు మీది పోర్టు కుళాయి లాంటిది, నీళ్ల ట్యాంకు ప్రాసెసర్‌లో ఉంటుంది. ఒకప్పుడు గ్రాఫిక్స్ నిజంగానే బోర్డు మీది చిప్‌సెట్‌లో ఉండేది. 2010 నుంచి ఇంటెల్ దాన్ని ప్రాసెసర్‌తో కలిపేసింది. "ఆన్‌బోర్డ్ గ్రాఫిక్స్" అన్న పాత మాట మాత్రం షాపుల్లో అలాగే మిగిలిపోయింది. 12400లో యూహెచ్‌డీ 730 గ్రాఫిక్స్ ఉంటుంది. రోజువారీ పనికి, కోడింగ్‌కి, వీడియోలకి అది చాలు. 12400ఎఫ్‌లో అదే ఉండదు, మిగతాదంతా దాదాపు ఒకటే. కేఎఫ్ అని ఉన్నా అంతే.

ఏఎండీ తీసుకునేవాళ్లకి లెక్క వేరు. రైజెన్ 5 5600లో గ్రాఫిక్స్ లేదు, 5600జీలో ఉంది. 7600లో ఉంది, 7500ఎఫ్‌లో లేదు.

షాపుకి వెళ్తే "సీల్ తీశారు, వెనక్కి తీసుకోం" అన్నారు. బోర్డులో ఉంటుందన్న మాట అడిగితే "పోర్టు ఉందనే కదా సార్ చెప్పాం" అట! చివరికి ఇంకో చోట మూడు వేలు పెట్టి పాత జీటీ 710 కార్డు కొన్నాను. కేబుల్ ఆ కార్డుకి పెట్టగానే బొమ్మ వచ్చింది.

కొటేషన్ మీద "ఐ5 12వ జెన్" అని రాసిస్తే ఒప్పుకోకండి. చివరి అక్షరంతో సహా పూర్తి మోడల్ నంబర్ రాయించుకోండి. ఇప్పటికే కొనేసి నో సిగ్నల్ చూస్తూ కూర్చున్నవాళ్లుంటే, ర్యామ్ రుద్దే ముందు బిల్లు చూడండి.