లేక్ ఫోర్క్‌లో వసంతకాలపు బాస్ వేట: గైడ్‌కు ఇచ్చే డబ్బుకు ఏం దక్కుతుంది?

డాలస్ నుంచి తూర్పుగా గంటన్నర ప్రయాణంలో ఉన్న లేక్ ఫోర్క్ జలాశయం మీద, గైడ్ సాయంతో లార్జ్‌మౌత్ బాస్ అనే పెద్ద నోటి మంచినీటి చేపలకు గాలం వేసే ఒక రోజు సేవను మార్చి నెలాఖరులో మా నాన్నగారూ నేనూ తీసుకున్నాం. ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ ప్రాంతాల్లో ఉంటున్న తెలుగువాళ్లలో చేపల వేట ఇష్టపడేవారికి కొదవ లేదు కానీ, గట్టున నిలబడి ఉచితంగా చేయగలిగిన పనికి 600 డాలర్లు పెట్టి మరొకరి పడవ ఎక్కడం ఎందుకన్న ప్రశ్న వారిలో చాలామందిని ఆపుతోంది. ఆ ప్రశ్నకు నా అనుభవం మేరకు సమాధానం చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఒక్క వ్యక్తికి ప్రచారం కాకూడదని మా గైడ్ పేరు ఇక్కడ ఇవ్వడం లేదు. నేను తూకం వేస్తున్నది ఈ సేవను, ఈ చెరువును, ఈ కాలాన్ని.

ముందుగా చెరువు సంగతి చెప్పాలి, ఎందుకంటే గైడ్ అవసరం చాలావరకు దాని స్వభావం నుంచే పుడుతుంది. సబీన్ నదికి ఉపనది అయిన లేక్ ఫోర్క్ క్రీక్ మీద 1980లో ఆనకట్ట పూర్తయింది. సుమారు 27,000 ఎకరాల మేర నీరు నిండబోయే నేలలో ఉన్న అడవిని చాలాచోట్ల నరకకుండా అలాగే వదిలేశారు. నీళ్లు పూర్తిగా నిండకముందే ఫ్లోరిడా జాతి బాస్ పిల్లలను తెచ్చి వదిలారు. మునిగిన చెట్ల మధ్య మేత, నీడ, దాక్కునే చోటు పుష్కలంగా దొరకడంతో ఆ చేపలు అసాధారణంగా పెరిగాయి. టెక్సాస్ రాష్ట్ర రికార్డుగా నేటికీ నిలిచి ఉన్న 18.18 పౌండ్ల బాస్ 1992 జనవరిలో ఈ నీళ్లలోనే పడింది. అంతకుముందు 1986లో ఇక్కడ దొరికిన 17.67 పౌండ్ల చేపతోనే, భారీ ఆడ చేపలను ప్రాణాలతో సేకరించి వాటి సంతానాన్ని మళ్లీ జలాశయాల్లోకి వదిలే రాష్ట్ర కార్యక్రమం మొదలైంది. ఈమధ్య పశ్చిమ టెక్సాస్‌లోని ఓ.హెచ్. ఐవీ జలాశయం పేరు ఎక్కువగా వినిపిస్తున్నా, పెద్ద బాస్ అనగానే పాతకాలపు వేటగాళ్ల నోట ఇప్పటికీ ముందు వచ్చే పేరు లేక్ ఫోర్క్‌దే. అయితే చేపలను అంతగా పెంచిన ఆ చెట్లే పడవలకు ప్రమాదం. గుర్తులు పెట్టిన దారులు దాటితే నీటికి అంగుళం కింద మొద్దులు ఉంటాయి. దారి తెలియని మనిషి అద్దె పడవను ఇక్కడ వేగంగా నడపడం క్షేమం కాదు.

ఇక కాలం. బాస్‌కు వసంతమంటే పంచాంగంలోని తేదీ కాదు, నీటి వేడి. నీరు 55 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటేసరికి లోతుల్లో చలికాలం గడిపిన చేపలు వాగులు చెరువులో కలిసే నోళ్ల దగ్గరికి చేరి, గట్టిగా మేత తింటాయి. 60 దాటాక మగ చేపలు లోతు తక్కువగా ఉన్న గట్టు వైపు వచ్చి, తోకతో బురదను ఊడ్చి గుండ్రటి గూడు చేస్తాయి. ఆడ చేప వచ్చి గుడ్లు పెట్టి కొద్దికాలానికే లోతుకు వెళ్లిపోతే, గుడ్లనూ ఆ తర్వాత పిల్లలనూ కాచేది మగ చేపే. చెరువంతటా ఇది ఒకేసారి జరగదు. ఉత్తరపు గాలి తగలకుండా రోజంతా ఎండ పడే ఉత్తర తీరపు పాయలు ముందు వేడెక్కుతాయి, ఆనకట్ట వైపు నీరు ఆలస్యంగా వేడెక్కుతుంది. అందువల్ల మార్చి చివరలో మేతకు తిరిగేవి, గూళ్ల మీద ఉన్నవి, గుడ్లు పెట్టి అలసినవి, మూడు రకాలూ ఒకే చెరువులో వేర్వేరు చోట్ల ఉంటాయి. దీనికి తోడు టెక్సాస్ వసంతంలో ఉత్తరం నుంచి చల్లగాలి దిగితే, నిన్న గట్టున ఉన్న చేప ఇవాళ అక్కడ ఉండదు.

మా గైడ్ విలువ మొదటి గంటలోనే తెలిసింది. మేం వెళ్లడానికి ముందు రాత్రి సరిగ్గా అలాంటి చల్లగాలే వీచింది. తెల్లవారగానే ఆయన మమ్మల్ని గూళ్లున్న పాయల్లోకి తీసుకువెళ్లకుండా, ఒక వాగు పాత గట్టు నీటి అడుగున మలుపు తిరిగే చోట, హైడ్రిల్లా గడ్డి పెరిగిన అంచు మీద పడవ నిలిపారు. చల్లబడిన నీటి నుంచి వెనక్కి జరిగిన చేపలు దూరం పోకుండా ఆగే మొదటి మెట్టు ఇదేనని వివరించి, ఎర్రటి లిప్‌లెస్ క్రాంక్‌బెయిట్ కట్టిన రాడ్లు మా చేతికిచ్చారు. లోపల గుండ్లు గలగలలాడే ఆ ఎరను గడ్డికి తగిలేలా లాగి, అది చిక్కుకున్న క్షణంలో ఒక్క కుదుపుతో విడిపించాలి. ఆ కుదుపుకే చేప మీద పడుతుంది. ఎరుపెందుకని అడిగితే, వసంతారంభంలో బురదలోంచి బయటికొచ్చే, రొయ్యను పోలిన క్రాఫిష్‌ల రంగు అదని చెప్పారు. ఎప్పుడు, ఎక్కడ, దేనితో, ఎందుకు అన్న నాలుగింటినీ కలిపి చెప్పగలగడమే నా దృష్టిలో గైడ్ పని. చేపను చూపించడం దానిలో ఒక భాగం మాత్రమే.

ఎండెక్కాక లోతు తగ్గిన చోట్లకు మారాం. అక్కడ టెక్సాస్ రిగ్, అంటే గాలపు మొనను మెత్తటి ప్లాస్టిక్ పురుగు ఒంట్లోనే దాచి, ముందు తూటా ఆకారపు బరువు కట్టే పద్ధతి, మాకు ఎక్కువగా పనికొచ్చింది. మొన బయటికి ఉండదు గనుక మునిగిన కొమ్మల మధ్య నుంచి కూడా ఎర చిక్కుకోకుండా పాకి వస్తుంది. చేప ఎరను నోట పట్టినప్పుడు లైన్‌లో వచ్చేది చిన్న అదురు మాత్రమే. ఆ అదురును కొమ్మ తగిలిన అదురు నుంచి వేరు చేయడం నేర్పడానికి ఆయన చూపిన ఓపిక నాకు ఎంతో నచ్చింది. బొటనవేలితో లైన్‌ను అదుపు చేయాల్సిన బెయిట్‌కాస్టర్ రీల్ అలవాటు లేని వారికి, వాడటం సులువైన స్పిన్నింగ్ రీల్ కూడా సిద్ధంగా ఉంచారు, లైన్ చిక్కుపడిన ప్రతిసారీ విసుక్కోకుండా విప్పారు. పనిముట్లన్నీ మంచి స్థితిలో ఉన్నాయి. ప్రతి పెద్ద చేప తర్వాతా లైన్ చివరను వేలితో తడిమి, గరుకు తగిలితే కోసి మళ్లీ ముడి వేయడం ఆయన మానలేదు.

మా నాన్నగారి ఊరు కోనసీమలో కాలువ గట్టున ఉంది. కప్పను ఎరగా గుచ్చి కొరమేనును పట్టడం చిన్ననాటి నుంచీ తెలిసిన మనిషి. మధ్యాహ్నం తామరాకుల లాంటి ఆకులు పరచుకున్న పాయలో గైడ్ బోలు రబ్బరు కప్పను బయటికి తీయగానే, ఆయనకు ఎవరూ ఏమీ చెప్పాల్సిన అవసరం రాలేదు. ఆకుల మీద ఆపి ఆపి నడిపించి, చేప పైకెగసి మింగాక ఒక్క క్షణం ఆగి రాడ్ ఎత్తారు. ఆ రోజంతటిలో పెద్ద చేప ఆయనకే పడింది. ఇంగ్లీషు అంతగా మాట్లాడని పెద్దలను వెంట తీసుకువెళ్లాలా అని సందేహించే వారికి ఇది చెప్పాలనిపించింది: మంచి గైడ్ ఉన్న పడవలో భాష అడ్డం కాలేదు.

నేను ఈ సేవకు ఎక్కువ మార్కులు వేయడానికి అసలు కారణం గూళ్ల దగ్గర ఆయన ప్రవర్తన. తేటనీటిలో గూటి మీద నిలబడిన చేప కంటికి కనిపిస్తుంది. దాని ముందు ఎర వేస్తూ పోతే ఏదో ఒకసారి కోపంతో నోట కరుస్తుంది. నాన్నగారు ఒక గూటిని చూసి, "అది ఆకలికి కాదురా, పిల్లల కోసం మీద పడుతోంది. మన కొరమేను కూడా అంతే" అన్నారు. గైడ్ అభిప్రాయమూ అదే. కాపలా చేపను పైకి తీసిన కొద్ది నిమిషాల్లోనే బ్లూగిల్ చేపలు గుడ్ల మీద పడతాయి గనుక, గూళ్ల మీద గంటలు గడపనని ఆయన ముందే చెప్పారు. టెక్సాస్ చట్టం గూటి మీది చేపను పట్టడాన్ని నిషేధించలేదు. కాబట్టి ఇది పూర్తిగా గైడ్ విచక్షణ మీద ఆధారపడిన విషయం. చేపను పట్టుకునేటప్పుడు చేతులు తడుపుకోవడం, బరువైన దాన్ని కింది దవడతో మాత్రమే వేలాడదీయకుండా పొట్ట కింద రెండో చెయ్యి ఆనించడం, ఫోటో తీయగానే పట్టిన చోటే వదలడం, వీటన్నిటినీ ఆయన మా చేత కూడా కచ్చితంగా పాటింపజేశారు. ఆడ చేప పొట్టలో వేల గుడ్లున్న కాలంలో వేటాడుతున్నప్పుడు ఈ శ్రద్ధ లేని గైడ్ ఎన్ని చేపలు చూపించినా నేను సిఫారసు చేయను.

లోపాలు లేకపోలేదు. పడవ ముందు భాగంలోని సోనార్ తెర మీద ఎదుటి నీటిలోని చేపలు కదులుతూ కనిపిస్తాయి. మధ్యాహ్నం ఒక దశలో గైడ్ ఆ తెర వైపే చూస్తూ, అక్కడ వెయ్యండి, ఇక్కడ వెయ్యండి అని ఆదేశాలిస్తూ పోయారు. ఆ సమయంలో చేపలు పడ్డాయి కానీ నేర్చుకున్నది తక్కువ. తెర వాడకం ఇష్టం లేనివారు ఆ మాట ముందే చెప్పడం మంచిది, మేం చెప్పాక ఆయన మార్చుకున్నారు. రెండోది, భోజనం గురించి బుకింగ్ సమయంలో స్పష్టత లేదు. నీళ్లు, మంచు పెట్టె ఇచ్చారు, తిండి మనదే. మూడోది, ఇలాంటి బాస్ బోట్ ఇద్దరికి సౌకర్యం, మూడో మనిషి ఎక్కితే రాడ్ విసరడానికి చోటుండదు. చిన్నపిల్లలతో వెళ్లేవారికి 8 గంటల పూర్తి రోజు కన్నా సగం రోజే మేలు. నడుస్తున్న పడవలో 13 ఏళ్లలోపు పిల్లలకు లైఫ్ జాకెట్ తప్పనిసరి. పెద్దలు కూడా వేసుకోవాలని నా విన్నపం, ఎందుకంటే ఈ పడవల వేగం గట్టు మీద నుంచి చూసినప్పుడు తెలియదు.

ఇంటికి చేపలు తెచ్చి పులుసు పెట్టుకోవచ్చన్న ఆశతో వెళ్లేవారు నిరాశపడతారు. లేక్ ఫోర్క్‌లో 16 నుంచి 24 అంగుళాల మధ్య పొడవున్న ప్రతి బాస్‌నూ తిరిగి నీటిలో వదలాల్సిందే. రోజుకు ఉంచుకోగల ఐదింటిలో 24 అంగుళాలు, ఆపైన ఉన్నది ఒక్కటే ఉండాలి. పట్టుబడే మంచి చేపల్లో అధిక భాగం ఆ మధ్య కొలతల్లోనే ఉంటుంది. ఈ నిబంధన వల్లే ఇక్కడ పెద్ద చేపలు మిగిలాయి గనుక నేను దాన్ని మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. తినడానికే కావాలంటే ఇదే చెరువులో క్రాపీ చేపలకు ప్రత్యేకంగా తీసుకువెళ్లే గైడ్లున్నారు, వారిని ఎంచుకోవాలి.

ఖర్చు లెక్కకు వస్తే, ఇద్దరికి కలిపి పూర్తి రోజుకు 600 డాలర్లు, అందులోనే రాడ్లు, ఎరలు, ఇంధనం. ఆపైన 15 నుంచి 20 శాతం టిప్ ఇవ్వడం ఇక్కడి ఆనవాయితీ. ఫిషింగ్ లైసెన్స్ ఎవరిది వారే కొనుక్కోవాలి. 17 ఏళ్లు నిండనివారికి అక్కర్లేదు. ఇండియా నుంచి వచ్చిన తల్లిదండ్రులకు ఒక రోజు లైసెన్స్ సరిపోతుంది, టెక్సాస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ వెబ్‌సైట్‌లో కొద్ది నిమిషాల్లో దొరుకుతుంది. గైడ్‌కు కూడా రాష్ట్రం ఇచ్చే ప్రత్యేక లైసెన్స్ ఉండాలి, ఉందా అని బుకింగ్‌కు ఫోన్ చేసినప్పుడు అడగడానికి మొహమాటపడవద్దు. అదే ఫోన్‌లో గూళ్ల మీది చేపల విషయంలో ఆయన పద్ధతి ఏమిటో, తుఫాను వస్తే అడ్వాన్స్ తిరిగి ఇస్తారా లేక తేదీ మారుస్తారా అన్నదీ తేల్చుకోండి. మార్చి, ఏప్రిల్ శనివారాలు చాలా ముందుగానే నిండిపోతాయి. సెలవు పెట్టగలిగితే వారం మధ్యలో వెళ్లండి, పాయల్లో పడవల రద్దీ తక్కువగా ఉంటుంది.